తొలి విజయం తరువాత పదును ఎందుకు తగ్గుతుంది? – ఇండీ రాక్ బృందాల కథ

గత నెలలో ఒక సాయంత్రం బడి ముగించుకొని ఇంటికి చేరేసరికి మా ఊరి రైతు ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టిన కాగితాలు. “అయ్యవారూ, ఇది మావాడు పంపించినాడు. పన్నెండు పేజీలుంది, అంతా ఇంగ్లీషే. ఏముందో రొంత చూసి చెప్పండి. సంతకం పెడితే నాలుగు లక్షలిస్తారంట. బోరు అప్పు తీరిపోతాది” అన్నారు.

ఆయన కుమారుడు ఎనిమిది నుండి పది వరకు నా వద్దనే చదువుకొన్నాడు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. సెలవు దినాలలో ముగ్గురు మిత్రులతో కలిసి గిటారు, డ్రమ్స్ వాయిస్తూ రాక్ సంగీతం పాడుతుంటాడు. నిరుడు ఆ నలుగురూ సొంత ఖర్చుతో ఐదు పాటలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. తెలుగు, కన్నడం కలగలిసిన మన సరిహద్దు మాటలే ఆ పాటల్లో ఉన్నాయి. అనుకోకుండా అవి చాలామందికి నచ్చాయి. ఒక సంగీత కంపెనీ పిలిచి ఒప్పంద పత్రం చేతిలో పెట్టింది.

ఆ రాత్రి అబ్బాయితో ఫోనులో మాట్లాడాను. వాడి దిగులు వేరు. “సార్, మేము ఇష్టపడే బ్యాండ్లన్నీ మొదటి ఆల్బమ్ బాగా ఆడిన తర్వాతే చప్పబడినాయి. మాకు కూడా అట్లే అవుతాదేమో” అన్నాడు. తండ్రి డబ్బును గురించి అడిగాడు, కొడుకు పాటను గురించి అడిగాడు. నాకు రాక్ సంగీతం చెవికి పట్టింది లేదు. అయినా ఉపాధ్యాయుడు తెలియనిదాన్ని చదివి చెప్పవలసినవాడే కనుక, మూడు వారాలు చదివాను, విన్నాను. చదివిన కొద్దీ ఈ రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని తెలిసింది. మన పల్లెల నుండి నగరాలకు వెళ్లిన పిల్లలు ఎందరో ఇటువంటి దారుల్లో నడుస్తున్నారు. వారి తల్లిదండ్రులకు పనికి వస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

‘ఇండీ’ అంటే ఏమిటి?

ఇండీ అన్న మాటకూ ఇండియాకూ సంబంధం లేదు. స్వతంత్రం అని అర్థం వచ్చే ఆంగ్ల పదానికి అది ముద్దుపేరు. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా చిన్న కంపెనీల ద్వారానో, సొంత ఖర్చుతోనో పాటలు విడుదల చేసేవారిని ఇండీ బృందాలు అంటారు.

ఈ పద్ధతికి 1970వ దశకం చివర ఇంగ్లండులో ఊపు వచ్చింది. మాంచెస్టర్ నగరానికి చెందిన బజ్‌కాక్స్ అనే బృందం బంధుమిత్రుల వద్ద 500 పౌండ్లు అప్పు తెచ్చి, తానే ఒక చిన్న కంపెనీ పేరు పెట్టుకొని, 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు విడుదల చేసింది. పెద్దల అనుమతి లేకుండానే రికార్డు తీయవచ్చునని ఆ సంఘటన యువకులకు చూపింది. లండన్‌లో 1976లో రికార్డుల దుకాణంగా మొదలైన రఫ్ ట్రేడ్ 1978లో తానే ఒక కంపెనీ అయింది. అదే ఏట మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ రికార్డ్స్ పుట్టింది. 1980 నుండి ఇటువంటి రికార్డుల అమ్మకాలకు బ్రిటన్‌లో ప్రత్యేక పట్టిక కూడా వెలువడసాగింది.

ఈ సంగీతంలో రసికులు కోరే ప్రధాన గుణం ‘పదును’. నునుపుగా లేని గొంతు, భయం లేని మాట, నలుగురు ఒకే గదిలో ఊపిరి కలిపి వాయించిన వేడి, ఇవన్నీ కలిస్తే పదును. తొలి విజయం తరువాత తగ్గిపోతున్నదని అభిమానులు వాపోయేది దీనినే.

న్యూయార్క్ నుండి ఒక ఉదాహరణ

ది స్ట్రోక్స్ న్యూయార్క్‌కు చెందిన ఐదుగురు యువకుల బృందం. వీరు 2000లో చిన్న చిన్న హాళ్లలో వాయిస్తూ ఉండగా, మెర్క్యురీ లౌంజ్ అనే హాలులో కచేరీలు కుదిర్చే ఉద్యోగి వీరి పాటకు ముగ్ధుడై, ఆ పని మానుకొని వీరి మేనేజరు అయ్యాడు. 2001 జనవరిలో మూడు పాటలతో వచ్చిన వీరి చిన్న రికార్డును బ్రిటన్‌లో రఫ్ ట్రేడ్ విడుదల చేసింది. వెంటనే కంపెనీలు పోటీపడ్డాయి.

మొదటి ఆల్బమ్‌ను అదే ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో గార్డన్ రాఫెల్ అనే నిర్మాత ఒక నేలమాళిగ స్టూడియోలో రికార్డు చేశాడు. ఇంట్లో సాధన చేసుకొనే చిన్న యాంప్లిఫయరు గుండా గాయకుడి గొంతును పంపి, కావాలనే గరగరలాడేట్టు చేశారు. పాటలన్నీ కలిపి సుమారు 36 నిమిషాలు. అనవసరమైన ఒక్క స్వరం లేదు. ‘ఇజ్ దిస్ ఇట్’ అనే ఆ ఆల్బమ్ ఆ దశాబ్దపు మేటి రికార్డుల జాబితాల్లో నేటికీ ముందు వరుసలో ఉంటుంది.

రెండవ ఆల్బమ్ 2003లో వచ్చింది. దానికి మొదట రేడియోహెడ్ బృందానికి పని చేసిన ప్రసిద్ధ నిర్మాతను పిలిచారు, కుదరలేదు. మళ్లీ రాఫెల్ వద్దకే వెళ్లారు. పాటలు బాగున్నాయి, కానీ మొదటి దానినే మరల చేశారన్న విమర్శ వచ్చింది. మూడవది 2006లో వచ్చింది. ఈసారి కొత్తగా ఉండాలని నిర్మాతను మార్చారు, నిడివిని 52 నిమిషాలకు పెంచారు. అప్పుడు అదుపు తప్పిందన్న విమర్శ వచ్చింది. మార్చకపోతే ఒక నింద, మారిస్తే మరొక నింద. ఆపై ఐదేళ్లు మౌనం. 2011లో వచ్చిన నాలుగవ ఆల్బమ్ నాటికి గాయకుడు జూలియన్ కాసాబ్లాంకస్ మిగిలినవారితో కలిసి గదిలో కూర్చోలేదు. తాను వేరుగా పాడి, ఆ పాటలను ఈ-మెయిల్‌లో పంపేవాడు. ఒకే గదిలో పుట్టిన వేడి ఈ-మెయిల్‌లో ఎట్లా చేరుతుంది?

కడుపు నిండితే పాట చస్తుందని మనలో ఒక నమ్మకం ఉంది. ఈ బృందం విషయంలో అది నిలవదు. గాయకుడి తండ్రి ప్రపంచ ప్రఖ్యాతమైన ఎలీట్ మోడలింగ్ సంస్థను స్థాపించిన శ్రీమంతుడు. లేమి లేకుండానే వీరి తొలి ఆల్బమ్‌కు అంత పదును వచ్చింది. కనుక డబ్బు రావడమే పదును పోవడానికి కారణమని అనలేము. డబ్బుతో పాటు వచ్చే మార్పులను పరిశీలించాలి.

మొదటి కారణం: కాలం

సంగీత వ్యాపారంలో ఒక పాత మాట ఉంది. తొలి ఆల్బమ్‌కు ఇరవై ఏళ్లు దొరుకుతాయి, రెండవ దానికి ఆరు నెలలు దొరుకుతాయి అని. తొలి ఆల్బమ్‌లోని పాటలు పదిహేనేళ్ల వయసు నుండి మనసులో పేరుకున్నవి. యాభై పాటలు రాసి, నలభై పారేసి, మిగిలిన పదింటిని వంద కచేరీలలో జనం ముందు పరీక్షించి తెస్తారు. రెండవ దానికి అంత విత్తనం ఉండదు. ఏడాది పొడుగునా ఊరూరా కచేరీలు చేసి అలసిన బృందాన్ని స్టూడియోలో కూర్చోబెట్టి వెంటనే పది పాటలు కావాలంటారు.

చేను భాషలో చెప్పాలంటే, ఏళ్ల తరబడి బీడు పెట్టిన నేలలో మొదటి పంట ఏపుగా వస్తుంది. విశ్రాంతి ఇవ్వక, ఎరువు వేయక వెంటనే రెండవ పంట వేస్తే అదే నేల పాలిపోతుంది. నేల చెడ్డదని ఎవరంటారు?

రెండవ కారణం: బ్రతుకు మారడం

తొలి పాటల్లో ఉండేది మామూలు జీవితం: ఊరి వీధి, చేతిలో పైసా లేని శనివారం, చెప్పలేని ప్రేమ, దుకాణంలో ఉద్యోగం. వినేవారి జీవితమూ అదే కనుక పాట నేరుగా తగులుతుంది. విజయం తరువాత బృందం చూసేది బస్సు కిటికీ, హోటలు గది, విలేఖరుల ప్రశ్నలు. వాటిని గురించి రాస్తే వినేవారికి పట్టదు. పాత జీవితాన్ని గురించి రాస్తే రాసేవారికే నిజం అనిపించదు.

ఈ చిక్కును దాటినవారూ ఉన్నారు. షెఫీల్డ్ శివారులో 2002లో ఏర్పడిన ఆర్కిటిక్ మంకీస్ అనే కుర్రాళ్ల బృందం తమ పాటలను సీడీలుగా చేసి కచేరీలలో ఉచితంగా పంచేది. అభిమానులు వాటిని ఇంటర్నెట్‌లో పంచుకోగా పేరు పాకింది. డామినో అనే స్వతంత్ర కంపెనీ ద్వారా 2006 జనవరిలో వచ్చిన వారి తొలి ఆల్బమ్ మొదటి వారంలోనే 3,63,735 ప్రతులు అమ్ముడై బ్రిటన్‌లో తొలి ఆల్బమ్‌లకు కొత్త రికార్డు నెలకొల్పింది. ఆ పాటల్లో ఉన్నది షెఫీల్డ్ రాత్రి వీధులే. వారు ఆ వీధులనే పట్టుకొని వేలాడలేదు. 2007లో రెండవ ఆల్బమ్ ముగించి, మూడవ దానికి అమెరికా ఎడారికి వెళ్లి, జోష్ హోమీ అనే మరొక రాక్ గాయకుడిని నిర్మాతగా పెట్టుకొని, బరువైన, నెమ్మదైన సంగీతం నేర్చుకొన్నారు. 2009లో వచ్చిన ఆ ఆల్బమ్ పాత అభిమానులలో కొందరికి రుచించలేదు. కానీ ఆ అభ్యాసం నుండే 2013లో ‘ఏఎమ్’ అనే వారి అతి ప్రసిద్ధ ఆల్బమ్ వచ్చింది. పాత పదును పోయింది, కొత్త పదును వచ్చింది. నడుమ కొంతమంది అభిమానాన్ని పణంగా పెట్టవలసి వచ్చింది.

మూడవ కారణం: ఒప్పందం

ఇది మన రైతు కాగితానికి సంబంధించిన భాగం కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

కంపెనీ ముందుగా ఇచ్చే సొమ్మును అడ్వాన్సు అంటారు. అది జీతమూ కాదు, బహుమానమూ కాదు. మన టమోటా రైతుకు మండీవారు విత్తనానికీ మందులకూ ముందుగా ఇచ్చే సొమ్ము వంటిది. పంటను ఆ మండీకే తోలాలి. అమ్మిన డబ్బులో కమీషను, అడ్వాన్సు పట్టుకొని మిగిలింది చేతికిస్తారు. ధర పడిపోతే మిగిలేది ఖాళీ బాక్సులే.

సంగీత కంపెనీల లెక్క ఇంతకంటే బిగువుగా ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. కంపెనీ 4 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, రికార్డింగుకూ ప్రచారానికీ మరో 6 లక్షలు ఖర్చు పెట్టి, మొత్తం 10 లక్షలను బృందం ఖాతాలో రాసిందనుకొందాం. వచ్చే ఆదాయంలో బృందం వాటా నూటికి 15. అప్పు తీరేది ఆ 15లో నుండి మాత్రమే, మొత్తం ఆదాయం నుండి కాదు. అంటే సుమారు 67 లక్షల ఆదాయం వచ్చిన తరువాతనే బృందం ఖాతాలోని 10 లక్షలు తీరుతాయి. అంతవరకు కంపెనీ పెట్టిన 10 లక్షలు పోగా 57 లక్షలు దాని వద్ద ఉంటాయి. బృందానికి మొదట ఇచ్చిన 4 లక్షలు తప్ప మరొక రూపాయి రాదు.

మరొక తేడా కూడా ఉంది. మండీ బాకీ తీరితే చేను మనదే. ఇక్కడ బాకీ తీరినా అసలు రికార్డింగు మీద హక్కు, ఒప్పందంలో అట్లా రాసి ఉంటే, కంపెనీదే.

అమెరికాలో స్టీవ్ అల్బినీ అనే ప్రసిద్ధ రికార్డింగు నిపుణుడు 1993లో ఒక వ్యాసంలో ఇటువంటి లెక్కనే వేశాడు. ఒక ఊహా బృందం పెద్ద కంపెనీతో కలిసి రెండున్నర లక్షల ప్రతులు అమ్మితే కంపెనీకి 7,10,000 డాలర్లు మిగులుతాయని, బృందంలో ఒక్కొక్కరికి 4,031 డాలర్ల పైచిలుకు మాత్రమే దక్కుతుందని, చిల్లర దుకాణంలో పని చేసినా దానికి మూడింతలు వచ్చేదని తేల్చాడు. 2024లో మరణించిన ఈయన మాట నిలుపుకొన్న మనిషి. నిర్వాణ బృందం ఆల్బమ్‌ను 1993లో రికార్డు చేసినప్పుడు ఒకసారి రుసుము మాత్రం తీసుకొని, అమ్మకాలలో వాటా వద్దన్నాడు.

అప్పులో ఉన్న బృందం ధైర్యం చేయలేదు. ముందు పాట ఆడింది కనుక అటువంటిదే మరొకటి చేయమని కంపెనీ అంటే కాదనలేదు. పదును తగ్గడానికి డబ్బు దారి తీసేది ఇక్కడనే.

ఐదున్నరేళ్ల నిరీక్షణ

ఒప్పందం ఒక బృందాన్ని ఎట్లా కుంగదీయగలదో ది స్టోన్ రోజెస్ కథ చెబుతుంది. మాంచెస్టర్‌కు చెందిన ఈ నలుగురి తొలి ఆల్బమ్ 1989లో సిల్వర్‌టోన్ అనే కంపెనీ ద్వారా వచ్చింది. ఇంగ్లండు యువతరం ఊగిపోయింది. 1990 మే నెలలో స్పైక్ ఐలాండ్ అనే చోట జరిగిన వీరి కచేరీకి పాతిక వేలకు పైగా జనం వచ్చారు.

ఆపై వీరు మరొక కంపెనీకి మారదలచారు. సిల్వర్‌టోన్ కోర్టుకు వెళ్లి, వీరు మరెవరికీ రికార్డు చేయకుండా నిషేధం తెచ్చుకొంది. 1991 మే నెలలో న్యాయస్థానం ఆ ఒప్పందం అన్యాయమైనదని, వృత్తి స్వేచ్ఛను అనుచితంగా బంధిస్తున్నదని చెప్పి చెల్లదని తీర్పు ఇచ్చింది. బృందం గెలిచింది. గెఫెన్ అనే పెద్ద అమెరికా కంపెనీ పెద్ద మొత్తంతో ఒప్పందం రాసుకొంది.

కథ ఇక్కడ సుఖాంతం కావలసింది. కాలేదు. చేతిలో డబ్బు ఉంది, గడువు లేదు, పిల్లలు పుట్టారు, నలుగురి దారులు వేరయ్యాయి. తొలి ఆల్బమ్‌కు పని చేసిన నిర్మాత జాన్ లెకీ రెండవ దానికి కూడా కూర్చున్నాడు, సాగక నడుమనే వెళ్లిపోయాడు. చివరకు 1994 డిసెంబరులో రెండవ ఆల్బమ్ వచ్చేసరికి ఐదున్నరేళ్లు గడిచాయి. అదే మాంచెస్టర్ నుండి ఒయాసిస్ అనే కొత్త బృందం ఆ ఏడాది ఆగస్టులోనే తొలి ఆల్బమ్‌తో దేశాన్ని పట్టేసింది. స్టోన్ రోజెస్ డ్రమ్మరు 1995లో, గిటారిస్టు 1996లో వెళ్లిపోయారు. 1996లోనే బృందం ముగిసింది. 2011లో నలుగురూ మళ్లీ కలిసి, 2012లో మాంచెస్టర్‌లోని హీటన్ పార్కులో వేలాది జనం ముందు వాయించారు. కానీ మూడవ ఆల్బమ్ రాలేదు.

తొందర చెడ్డదని పైన చెప్పాను. గడువే లేకపోవడం కూడా అంతే చెడ్డదని ఈ కథ చెబుతోంది. రేపు ఉదయం పరీక్ష ఉన్నదంటే పిల్లవాడు బెదురుతాడు, ఎప్పటికీ పరీక్ష లేదంటే పుస్తకమే తెరవడు.

నాలుగవ కారణం: శ్రోతలు

నింద అంతా కంపెనీల మీద వేయడం న్యాయం కాదు. వినేవారి పాత్ర కూడా ఉంది. వీజర్ అనే అమెరికా బృందం పెద్ద కంపెనీ ద్వారానే వచ్చినా ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 1994లో వచ్చిన వీరి తొలి ఆల్బమ్ సరదా పాటలతో ఘనవిజయం పొందింది. నాయకుడు రివర్స్ క్యూమో అటు తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, ఒంటరితనంలో, తన సిగ్గును, అసూయను దాచుకోకుండా పాటలు రాశాడు. 1996లో ‘పింకర్టన్’ పేరిట అవి వచ్చాయి. ఇది పదును తగ్గిన ఆల్బమ్ కాదు, పదును పెరిగిన ఆల్బమ్. రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు దానిని ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో ఒకటిగా ఎన్నుకొన్నారు. అమ్మకాలు పడిపోయాయి.

కొన్నేళ్లకు అదే ఆల్బమ్‌ను కొత్త తరం తలకెత్తుకొంది. నేడు దానిని గొప్పదంటారు. కానీ రాసినవాడికి తగిలిన దెబ్బ అప్పటికే తగిలింది. ఐదేళ్ల తరువాత, 2001లో, తొలి ఆల్బమ్ నిర్మాతనే మళ్లీ పిలిచి, మనసు విప్పని, చిన్న చిన్న, సురక్షితమైన పాటలతో తిరిగి వచ్చాడు. నిజం చెప్పినందుకు ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ నిజం చెప్పడానికి ఎంత కాలం పడుతుందో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

ఐదవ కారణం: ఎవరి తప్పూ కానిది

ప్రతి ఏటా మొదటి యూనిట్ పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడికి రెండవ పరీక్షలో సాధారణంగా కొన్ని తగ్గుతాయి. తల్లిదండ్రులు వచ్చి, పొగడ్తతో వాడికి తల తిరిగిందంటారు. అది నిజం కాకపోవచ్చు. మొదటి పరీక్షలో వాడి శ్రమతో పాటు కలిసివచ్చిన అదృష్టం కూడా ఉంది: చదివిన ప్రశ్నలే వచ్చాయి, ఆ రోజు ఒళ్లు బాగుంది. అదృష్టం రెండుసార్లు అదే కొలతలో రాదు. కనుక అతి ఎత్తున ఉన్నది తరువాతి సారి సగటు వైపు కొంత దిగుతుంది. తల్లిదండ్రుల ఎత్తులతో బిడ్డల ఎత్తులను పోల్చి చూసి ఈ సూత్రాన్ని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో వివరించాడు.

సంగీతానికీ ఇది వర్తిస్తుంది. తొలి ఆల్బమ్ అద్భుతంగా ఉన్న బృందాలనే మనం గుర్తుంచుకొంటాము. తొలి ఆల్బమ్ సాధారణంగా ఉన్నవారి రెండవ దానిని గురించి ఎవరూ మాట్లాడరు. అద్భుతాన్ని ఎంచుకొని, దాని తరువాతి మెట్టును కొలిస్తే తగ్గుదల కనబడక తప్పదు. పైగా కొత్తదనం వల్ల కలిగే ఆశ్చర్యం ఒక్కసారే కలుగుతుంది. స్ట్రోక్స్ తరువాత అదే పోకడతో బృందాలు పుట్టలు పుట్టలుగా వచ్చాయి. వారి రెండవ ఆల్బమ్ నాటికి వారి సొంత ధ్వనే అందరికీ పాతబడిపోయింది.

నిలిచినవారు ఏమి చేశారు?

అమెరికాలోని ఏథెన్స్ పట్టణంలో 1980లో ఏర్పడిన ఆర్.ఈ.ఎమ్. బృందం పాటలన్నింటినీ నలుగురి పేరునా సమానంగా నమోదు చేసేది. ఎవరు రాసినా వాటా సమానం. తొలి ఆల్బమ్ 1983లో వచ్చింది. చిన్న కంపెనీతోనే ఐదు ఆల్బమ్‌లు చేసి, 1988లో పెద్ద కంపెనీకి మారింది. ప్రపంచవ్యాప్త విజయం 1991లో వచ్చింది. ఎనిమిదేళ్లు మెల్లగా ఎక్కిన మెట్లు కనుక కాళ్లు వణకలేదు. 2011లో వారు గొడవలు లేకుండా, చెప్పి విరమించారు.

వాషింగ్టన్ నగరపు ఫుగాజీ బృందం మరొక దారి పట్టింది. వారి సభ్యుడు ఇయాన్ మెకై 1980లోనే మిత్రుడితో కలిసి డిస్కార్డ్ అనే సొంత కంపెనీ పెట్టుకొన్నాడు. పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్లలేదు. టికెట్టు ధర ఐదు డాలర్ల వద్ద నిలపాలని పట్టుబట్టారు. ఎవరికీ బాకీ లేరు కనుక ఎవరి మాటా వినవలసిన అవసరం రాలేదు.

రేడియోహెడ్ బృందానికి 1993లో ఒక్క పాటతో పేరు వచ్చింది. ఆ ఒక్క పాటకే బందీ అవుతామని భయపడి 1995, 1997 ఆల్బమ్‌లలో పూర్తిగా ముందుకు జరిగారు. 2000లో గిటారునే పక్కన పెట్టినంత పని చేశారు. స్ట్రోక్స్ కూడా ఓడిపోయి మిగలలేదు. తొలి ఆల్బమ్ వచ్చిన 19 ఏళ్లకు, 2020లో విడుదలైన వారి ఆల్బమ్‌కు 2021లో గ్రామీ పురస్కారం వచ్చింది. పదును పోవడం కొందరి విషయంలో తాత్కాలికం కూడా కావచ్చును.

మళ్లీ మా అరుగు మీదికి

నేను న్యాయవాదిని కాను. కనుక రైతుకు ఇట్లా చెప్పాను: “అన్నా, ఇది కూలి డబ్బు కాదు, మండీ అడ్వాన్సు. దీన్ని నమ్ముకొని బోరు అప్పు తీర్చవద్దు. ఈ నాలుగు లక్షలు నలుగురు పిల్లలవి, మీ వాడిది ఒక వంతే. ఐదు ఆల్బమ్‌ల వరకు వేరెవరికీ పాడకూడదని రాసి ఉంది. పాటల హక్కు కంపెనీదని రాసి ఉంది.” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మూడేండ్ల కిందట మండీ అడ్వాన్సు తీసుకొని, ధర ఉన్న దినం పక్క మండీకి తోలలేకపోతిని. అదే కదా ఇది?” అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అబ్బాయికి మూడు మాటలు రాసి పంపాను. సంగీత ఒప్పందాలు తెలిసిన న్యాయవాదికి చూపించి, ఆల్బమ్‌ల సంఖ్య, హక్కు, ఖర్చులు పట్టుకొనే పద్ధతి, ఈ మూడింటినీ తేల్చుకోమన్నాను. నలుగురూ వాటాను ఇప్పుడే, పేరు రాకముందే, కాగితం మీద రాసుకోమన్నాను. రెండవ విడత పాటలకు ఒక గడువు మీరే పెట్టుకోండి, దానిని కంపెనీ పెట్టేవరకు ఆగవద్దన్నాను.

ఇది రాసేనాటికి వారు సంతకం చేయలేదు. కంపెనీ ఐదు ఆల్బమ్‌లను రెండుకు తగ్గిస్తానంటున్నదట, హక్కు మాత్రం వదలనంటున్నదట. ఏమవుతుందో చూడాలి. బోరు అప్పు అట్లాగే ఉంది. నిన్న సంతలో కనబడినప్పుడు ఆ తండ్రి, “వాడు కొత్త పాట కట్టినాడు అయ్యవారూ. మా నాయన ఏతం తొక్కేటప్పుడు పాడే రాగం మాదిరే ఉంది” అని చెప్పి, టమోటా బాక్సు ఎత్తుకొని వెళ్లిపోయారు.